గొడుగు కర్ర

శనివారం రాత్రి పదకొండుంబావు.
మిడిల్స్‌బ్రో బస్ స్టేషన్ బయట
చేపల వేపుడు కొట్టు మూసేస్తున్నారు.
వెనిగర్ వాసన వానలో నానుతోంది.

ముసలివాళ్ళ హోమ్‌లో పన్నెండు గంటల డ్యూటీ దిగి
ఆఖరి బస్సు కోసం నిలబడ్డాను.
చేతిలో గొడుగు. పొడుగు రకం, చెక్క పిడిది.
మిసెస్ హాల్‌గార్త్ పోయాక గదిలో మిగిలిపోతే
ఆమె కూతురు నాకిచ్చేసింది.

వాడికి పంతొమ్మిదుంటాయేమో.
మొలవాలా వద్దా అని మీసం ఇంకా ఆలోచిస్తోంది.
ముందు నా దేశం పేరు తప్పుగా చెప్పాడు,
తర్వాత నా రంగు పేరు గట్టిగా చెప్పాడు,
తర్వాత నా సంచిని కాలితో తన్నాడు.
ఖాళీ టిఫిన్ డబ్బా దొర్లుకుంటూ పోయి
మురుగు జాలీ దగ్గర ఆగింది.

అప్పుడు నా అరచెయ్యి
నన్నడక్కుండానే గొడుగుని తిరగేసి పట్టుకుంది,
మూడో వంతు దగ్గర, బరువు తూగే చోట.
నిజం కర్ర నిజం మనిషి ముందు పట్టుకుని
ఇరవయ్యేళ్ళయింది.
చేతికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

మెడ కింద ఎముక. మోకాలి చిప్ప. కణత.
వాడి ఒంటి మీద మూడు చోట్లూ
చీకటి వార్డులో ఏ స్విచ్చి ఎక్కడుందో తెలిసినట్టు
తెలిసిపోయాయి.

విజయనగరం గరిడీలో పోలినాయుడు గురువు,
ఆడపిల్లకి కర్రెందుకన్నవాళ్ళ ముందే
నా చేతికి వెదురిచ్చి అన్నాడు:
"ఎత్తడం ఎవులికైనా వొస్తాదమ్మా,
ఎత్తిన కర్ర దించుకోడానికే గురువు కావాల."
తాగొచ్చిన రాత్రుల్లో ఆ మాట
ఆయనకే గుర్తుండేది కాదు.
వాళ్ళావిడ బుగ్గ మీద చూశాం మేమంతా.
అయినా మాట మాటే.

కుడికాలు వెనక్కేశాను.
"సారీ బాబూ," అన్నాను వాళ్ళ భాషలో,
ఎందుకు సారీనో నాకే తెలీదు.
ఇంకో అడుగు.
వాడి స్నేహితులు నవ్వారు.
దెబ్బకన్నా నవ్వు దూరం పోతుంది.
వాడు పిడికిలి విసిరాడు
నేనున్న చోటికి కాదు,
ఇందాక నేనున్న చోటికి.

మిగతాది తడి పేవ్‌మెంటు చూసుకుంది.
విసురుకి తిరిగిపోయి, మడమ జారి
వెల్లకిలా పడుతున్నాడు,
తల తిన్నగా అంచు రాయి మీదికి.
గొడుగు వదిలేశాను.
తలకీ రాయికీ మధ్య చెయ్యి దూర్చాను.
నా వేళ్ళ కణుపులు చితికాయి.
వాడి జుట్టు నిద్రలోంచి లేచిన పసివాడి జుట్టులా ఉంది.

దీన్ని నిగ్రహం అనకండి.
చెయ్యి పెట్టే ముందు
ఒక్క లిప్త, చూస్తూ ఊరుకున్నాను.
ఆ లిప్త సంగతి వాడికి తెలీదు,
వాణ్ణి లేపి తీసుకెళ్ళిన స్నేహితులకీ తెలీదు.
డబ్బా ఏరుకున్నాను. గొడుగూ ఏరుకున్నాను.

ఇంటికొచ్చి, లైటెయ్యకుండా, వంటింట్లో
కొట్టని దెబ్బ కొట్టాను గాలిని.
ఒకటి కాదు, మూడూ.
మూడోదానికి ఫ్రిజ్ తలుపు అడ్డొచ్చింది.
పాము చావలేదు. కర్ర విరిగింది.

గురువారం కమ్యూనిటీ హాల్లో
తొమ్మిదిమంది పిల్లలు,
స్పాంజి చుట్టిన ప్లాస్టిక్ గొట్టాలతో.
ఒమారి నా చేతికట్టు చూసి అడిగాడు,
"మిస్, మీరే గెలిచారా?"

వరస కట్టించాను.
వెనక్కి రెండడుగులు. మళ్ళీ.
మళ్ళీ.
మోకాలు వంచి, కళ్ళు దించకుండా. మళ్ళీ.
విసుక్కున్నారు.
కొట్టడం ఎప్పుడు చెప్తారంది ఎల్సీ.
గోడ గడియారం వంక చూశాను.
ఇంకా నలభై నిమిషాలుంది.