తప్పిన దెబ్బ

డోలు భీమశంకరంగారి అంబాసిడరు
నా షెడ్డులో ఎన్నడూ దగ్గలేదు.
ఆయన చెప్పడమే, నేను వినడమే.

"ఉండిలో పెళ్ళి వాయించుకుని వస్తున్నామా బాజీ,
తెల్లారుగట్ల మూడున్నర,
వీరవాసరం దాటి చెరువుల మధ్యకి వచ్చామో లేదో
బండి ఓ దెబ్బ మింగేస్తోంది.
పాలకొల్లు వచ్చేసరికి మళ్ళీ మామూలే, ఆయ్."
అని, ఎలా మింగిందో నోటితో చెప్పడం చాలక
బానెట్ మీద వేళ్ళతో వాయించి చూపించారు.
త, ది, ..., నం.
త, ది, ..., నం.
ఆ ఖాళీ దగ్గర ఆయన వేలు
రేకుని తాకకుండా
గాలిలో ఆగిపోయేది.

మూడోది కదా అని మూడో ప్లగ్గు మార్చాను.
కార్బురేటరు విప్పి జెట్టులో గాలి ఊదాను.
పాయింట్లకి గరుకు కాయితం పట్టాను.
ట్యాంకు అడుగు పెట్రోలు సీసాలోకి దించి
నీళ్ళున్నాయేమోనని ఎండకి పెట్టి చూశాను.
మార్టేరు లాకుల దాకా మూడుసార్లు తోలాను,
మిట్టమధ్యాహ్నం.
కుట్టుమిషనులా నడిచింది.
మెకానిక్కు పక్కన కూర్చుంటే
ఏ బండైనా పెళ్ళిచూపుల కుర్రాడే.

మా ఏలియా కొత్తగా చేరాడు.
వాడికి పాఠం చెబుతూండగా నా నోరే నన్ను పట్టుకుంది:
"ఇంజను ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని కొట్టదురా,
ఒకటీ, మూడూ, నాలుగూ, రెండూ."
చేతిలో పానా అలాగే ఉండిపోయింది.
ఆయన మూడో దెబ్బంటే
నా నాలుగో సిలిండరు!

సైకిలేసుకుని వెళ్ళి అడిగాను,
"అయ్యా, లెక్క ఎక్కణ్ణించి ఎత్తుకున్నారు?"
"ఎక్కణ్ణించేమిటోయ్, చక్రానికి మొదలుంటుందా?
తప్పిన చోటు చూసుకుని
దాని ముందు రెండు, వెనకాల ఒకటి వేసుకున్నా."
అంటే ఆ లెక్క
నాకు ఏమీ చెప్పలేదన్నమాట.

వెనుదిరుగుతుంటే అరుగు మీద సుభద్రమ్మగారు
డోలుకి దుప్పటి చుడుతున్నారు, పసిపిల్లకి చుట్టినట్టు.
"మంచుకి చర్మం జారిపోతుందండీ.
దారంతా ఒళ్ళో పెట్టుకునే కూచుంటారీయన."

మంచు.
పైగా రాత్రంతా రొయ్యల చెరువుల్లో
చక్రాలు చిలికి చిమ్మే ఉప్పు తుంపర.
డోలుకి తగిలింది
వైరుకి తగలదా?

ఆ రాత్రి పదకొండింటికి
షెడ్డులో దీపాలన్నీ ఆర్పేశాం.
బానెట్ ఎత్తి, ఇంజను నడుస్తుండగా,
ఇస్త్రీబండి దగ్గర అడిగి తెచ్చిన పిచికారీతో
ఏలియా చేత నీళ్ళు చల్లించాను, ఒక్కో వైరు మీద.
మొదటిది, చీకటి.
రెండోది, చీకటి.
మూడోదీ అంతే, కొత్త ప్లగ్గు దండగ.
నాలుగోదాని మీద పడగానే
చిట్!
బ్రాకెట్టుకి రాసుకుని రాసుకుని
వెంట్రుకవాసి చీలిన చోట
నీలంగా ఓ నిప్పు
పక్కదారి పట్టి ఇనుములోకి దిగిపోయింది.
"అదే! అదే బాజీ!"
భీమశంకరంగారి వేలు గాలిలో లేచి ఉంది.
ఆ మెరుపు ఆయన చూడలేదు.
కళ్ళు మూసుకుని ఉన్నారు.

వైరు మార్చడం నాలుగు నిమిషాల పని.
మూడొందలైతే రెండొందలిచ్చి
మిగతాది మాఘమాసం ముహూర్తాల్లో అన్నారు.
మూడో ప్లగ్గు డబ్బులు నేను అడగలేదు.
అది నేను తప్పిన దెబ్బ.

మొన్న ఆదివారం ఊరికే వచ్చారు.
బండెలా ఉందన్నాను.
"నిక్షేపంలా ఉంది," అన్నారు, కాస్త దిగులుగా.
"ఆ చెరువుల దగ్గరికొచ్చేసరికి
వేలు దానంతటదే లేస్తోంది బాజీ.
బండి ఆగదు.
నేనే ఆగుతున్నాను."