రెండో గేరు

పెట్టె దించాల్సిందేనన్నారట ముగ్గురు.
లక్షన్నర, నెల రోజులు, గ్యారంటీ మాత్రం అడక్కండి.
నాలుగోవాణ్ణి నేను. ఆటోనగర్లో
లేతు మిషన్ల రొద మధ్య సుభానీ షెడ్డు.

డెబ్బై తొమ్మిది మోడలు బెంజి.
మీగడ రంగు. ముక్కు మీద నక్షత్రం ఇంకా నిలబడే ఉంది.
ఎడమ కాలికి పనిలేని బండి.
తెచ్చినావిడ గుంటూరు డాక్టరు ఫిలోమినా గారు,
ఊపిరితిత్తులు చూస్తారు.
"రెండులోంచి మూడుకి రావడానికి
బతిమాలించుకుంటోంది" అన్నారు,
చాడీ చెప్పినట్టు కాదు,
కేసు షీటు చదివినట్టు.

ముందు తోలి చూడాలి.
గేటు దాటి బందరు రోడ్డెక్కాం.
పటమటలో ముప్పై ఐదు, రెండులోనే ఉంది.
బెంజి సర్కిల్లో బెంజిని చూసి
ఓ ఆటోవాడు నవ్వాడు.
నలభై ఐదు, రెండులోనే.
వారధి మీద, కింద కృష్ణలో నీళ్లకంటే ఇసకే ఎక్కువ,
అరవై దగ్గర ఇంజను గొంతు చించుకున్నాక
అప్పుడు వదిలింది,
వీపు మీద ఓ గుద్దు గుద్ది మరీ.

చదునైన రోడ్డు. ఉన్నది ఇద్దరమే.
అది మాత్రం కొండ ఎక్కుతోంది.

షెడ్డుకొచ్చి, వేడి మీదే, ఇంజను తిరుగుతుండగానే
పుల్ల తీసి చూశాను. నూనె గీత దగ్గరే ఉంది.
ఎర్రగా ఉంది. మాడు వాసన లేదు.
వేళ్ల మధ్య రుద్దితే నలక తగల్లేదు.
యాక్సిలరేటరు దగ్గర తీగ కూడా
ఉండాల్సినంత వదులుగానే ఉంది.
"మరి పెట్టె దించుదామా?" అన్నాడు మా నాంచారయ్య.
వాడికి దించడం సరదా.
ఎక్కించే బాధ నాది.

ఈ బండితో ఓ సంగతుంది.
పెట్టెకి కళ్లు లేవు, రోడ్డు ఎత్తో పల్లమో దానికి తెలీదు.
ఇంజను లోపలికి పీల్చే పీలుపు
ఓ సన్న గొట్టంలోంచి వచ్చి చెప్పాలి:
తేలిగ్గానే ఉందిరా, మార్చెయ్ అని.
దారిలో చిల్లు పడిందనుకో,
కబురు అందదు.
కబురు లేని పెట్టె
ఎప్పుడూ బరువే అనుకుంటుంది.

గొట్టం కొస ఊడదీశాను. పొడిగా ఉంది,
అంటే లోపలి పొర చిరగలేదు.
ఇక చెవే గతి.
రబ్బరు ముక్క ఓ కొస చెవిలో దోపుకుని
రెండో కొసతో వెతుకుతున్నాను.
పక్కన లేతు. ఇరవై ఏళ్లుగా పక్కన లేతే.
కుడి చెవి ఎప్పుడో పోయింది, ఎడమది సగం.
డాక్టరు గారు కాసేపు చూసి
సంచీలోంచి స్టెతస్కోపు తీశారు.
"ఎక్కడ పెట్టమంటారు?"

ఎత్తిన బానెట్ కింద నెరిసిన ముడి,
కుచ్చెళ్లకి గ్రీజు, మూసుకున్న కళ్లు.
"గట్టిగా ఊపిరి తీసుకో" అంటారేమో అనుకున్నాను. అనలేదు.
మానిఫోల్డు పక్కన వంపులో చెయ్యి ఆగింది.
"ఇదిగో. పిల్లికూత."

చిటికెన వేలంత రబ్బరు మోచెయ్యి.
పైకి బాగానే ఉంది.
వంచితే కనపడింది పగులు, వెంట్రుకంత.
నలభై ఏళ్ల వేడి.
నలభై ఐదు రూపాయల ముక్క.

మళ్లీ వారధి మీదికి పోయాం.
మూడు ఎప్పుడు పడిందో ఆవిడకి తెలీలేదు.
నాకూ తెలీలేదు,
ముల్లు ముప్పై ఐదు దాటాక
ఆ నిశ్శబ్దాన్ని చూసి కనుక్కున్నాను.

రాత్రి ఇంట్లో రజియా వడ్డిస్తుంటే
"కూర బాగుంది" అన్నాను.
ఇది షెడ్డు కాదని
ఎవరో చెవిలో చెప్పినట్టు, మెల్లగా.
గరిటె పక్కన పెట్టి
నా నుదుటి మీద చెయ్యేసింది.
"జ్వరమొచ్చిందా ఏంటి?"