పేరు రాని ఆదివారాలు

మా మేత్రాణులు ఎవారిస్తో గారు పోయిన ఆగస్టులో
చిలోయె దీవుల మీద పదకొండు రోజులు వాన వెలవలేదు.
పడవ దిగి, తడి బూట్లతోనే పూజ మొదలుపెట్టాను.
"మా జగద్గురువులు పాపుగారిని," అన్నాను,
"మా మేత్రాణులు" అనబోయి
నాలుక కరుచుకున్నాను.
పీఠం ఖాళీ అయితే పేరు పలకకూడదు, అది నియమం.
ఆ జానెడు నిశ్శబ్దంలో
అలెర్సె చెక్కపెంకుల మీద వాన
తన పేరే చదువుకుంది.

పూజయ్యాక ఎదువీనా నావెల్కీన్
పొయ్యి బూడిదలోంచి దుంపలు తీస్తూ అడిగింది.
గుడి తాళంచెవి ఆమె నడుముకే వేలాడుతుంది,
మేనమామ నడుము నుంచి వచ్చింది.
"అక్కడేదో మింగేశారు ఫాదర్."
"కుర్చీ ఖాళీ అయింది కదమ్మా."
"మాకెప్పుడు నిండుగా ఉంది గనక?
నా డెబ్బై ఏళ్లలో మేత్రాణులన్నవారు మూడుసార్లొచ్చారు.
మొదటాయన సముద్రం పడక
రేవులోనే కక్కుకున్నారు పాపం.
మాకు మనిషి రాలేదు. పేరొచ్చేది.
మా అమ్మమ్మ రోజుల్లో
ఎప్పుడో పోయిన మేత్రాణులకి
రెండేళ్లపాటు ఆయుష్షు ఇమ్మని వేడుకున్నారట,
కబురు మోసే పడవ రాక.
ఆ ప్రార్థనలు ఎవరి ఖాతాలో పడ్డాయంటారు?"

సెమినరీలో నేర్పిన జవాబు ఒకటి నా దగ్గరుంది.
దుంప కాలుతోందన్న నెపంతో ఊరుకున్నాను.

రోమాపురిలో ఏ గుమాస్తానో
లావాటి పుస్తకంలో మా మేత్రాసనం పక్కన
చిన్న గీత గీసి ఉంటాడు.
ఆ గీత మీద మేం ఏడు నెలలు బతికాం.

అక్టోబరులో చిగ్వాయ్ వాళ్ల పసిదానికి జ్ఞానస్నానం.
పరిమళ తైలం సీసా మూత తీశాను.
పవిత్ర వారంలో దాని మీదికి వంగి
ఎవారిస్తో గారు ఊదిన ఊపిరి
ఇంకా అందులోనే ఉంది.
పోయినాయన ఊపిరిని పసిదాని మాడుకు రాశాను.
అది తుమ్మింది.

మార్చిలో పేరు వచ్చింది: జ్వోనిమిర్.
దక్షిణాన గొర్రెల బీళ్లలో పుట్టిన
క్రొయేషియా వలసదారుల మనవడట.
రేవులో ఒకరు సోనిమీరో అన్నారు, ఇంకొకరు బోనిమిర్,
జాలరి కోలివోరో అయితే ఏకంగా దోన్ మీరో.
ఎదువీనా మాత్రం
వల బాగుచేస్తూ, ఆవు పాలు పితుకుతూ
నెల్లాళ్లు నమిలింది
పంటి కింద రాయిలాంటి ఆ మొదటి అక్షరాన్ని.

ఆయనొచ్చారు. మొహం పాలిపోయి, పడవ అంచు పట్టుకుని.
తలుపు మూసే ఉంది. అది ఈ దీవి ఆనవాయితీ.
తట్టారు. లోపల్నుంచి ఆమె తీసింది.
తాళంచెవి చూపించింది, ఇవ్వలేదు.

పూజలో ఆ చోటు వచ్చింది.
జగద్గురువుల పేరయింది. ఎదువీనా మెడ నిక్కించింది.
ఆయన తల వంచి
"నీ అయోగ్య సేవకుడనైన నన్నును" అన్నారు.
మేత్రాణులు తన పేరు తాను చెప్పుకోరు మరి.
ఆ సంగతి ఆమెకి చెప్పడం మరిచాను.

రెండో బల్ల నుంచి, గట్టిగానే,
"జ్వోనిమిర్" అంది ఆమె,
ఒక్క అక్షరం తొణక్కుండా.

ఆయన ఆగారు. ఆ రోజు వాన లేదు.
ఆ తర్వాతే
లోకమంతటా చెదిరిన బిడ్డల గురించిన వాక్యానికి
పేజీ మీద వేలు కదిలింది.