గీతకు ఇవతల

మంచు కరిగిన కారాసాయ్ ఏరు
పాత వంతెనను ఎత్తుకుపోయి మూడు వారాలు.
బడి గదిలో, నల్లబల్ల ముందు అసిల్కాన్.
ఆమె ఇంజనీరు. నేను లెక్కలు రాసేవాణ్ని,
సుద్దముక్కలు అందించేవాణ్ని.

బల్లకు నడుమ నిలువుగీత గీసింది.
ఇవతల రాసింది:
నడిచే మనిషి. గొర్రె. అక్టోబరు మంచు లోపల.
అవతల ఏమీ రాయలేదు.
అటువైపు ఊరే రాస్తుందని ఆమెకు తెలుసు.

తొక్తోసున్‌కి గుర్రబ్బండి పట్టేంత వెడల్పు కావాలి.
"జానెడే కదమ్మా" అన్నాడు.
ఆ జానెడు ఎన్ని బస్తాలు మింగుతుందో
నేను గొణిగాను, ఎవరూ వినలేదు.
మెదెర్ మాస్టారికి దీపాలు.
పెళ్ళి ఫొటోలకి మధ్యలో చిన్న అరుగు,
అడిగిందెవరంటే, ఇంకా సంబంధమే కుదరని కాలిమాన్.
గది గదంతా నవ్వింది.

అసిల్కాన్ ఎవరికీ కాదనలేదు.
ఒక్కో కోరికనూ ముత్యాల్లాంటి అక్షరాలతో
గీతకు అవతల రాసింది.
పక్కన తేదీ. పక్కన ధర. అడిగినవాళ్ళ పేరు.
"వీటిలో ఒకటి ఇటు రావాలంటే
ఇటునుంచి ఒకటి అటు పోవాలి.
ఏది తీసెయ్యను? గొర్రెనా, అక్టోబరునా?"
అక్టోబరును తీసేసే మొనగాడెవడు!
తొక్తోసున్ టోపీ తీసి, దులిపి, మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆగస్టులో స్తంభాలు లేచాయి. తీగలు బిగించాం.
ఏడేళ్ళ ఎర్జాన్ వచ్చి
పక్కతీగను అందుకోబోయాడు. అందలేదు.
ఏమీ అడగలేదు వాడు.
పోయి నీళ్ళలోకి రాళ్ళు విసురుకున్నాడు.

ఆ రాత్రి ఆమె బడి తాళం అడిగింది.
లాంతరు పట్టుకుని నేనూ వెళ్ళాను.
'నడిచే మనిషి' దగ్గర చాలాసేపు నిలబడింది.
మనిషంటే ఎంత ఎత్తు?
మేం రాసుకోలేదు.
కింద ఇంకో తీగ:
అది మొదట్నుంచీ గీతకు ఇవతలిదే,
మా కళ్ళకే ఆనలేదు.

డబ్బు? నా పుస్తకంలో మిగులు సున్నా.
అప్పుడు సంచిలోంచి పటం తీసి పరిచింది.
రెండు ఒడ్డులా రాతి కమాన్లు,
వాళ్ళ తాత గుడారం పైకప్పు వంపుతో.
ఎంత అందంగా ఉన్నాయో.
ఎవరూ అడగలేదు వాటిని.
పిలవని చుట్టంలా వచ్చి
మొదటిరోజే ఇవతల పీట వేసుక్కూర్చున్నాయి.

అవతలి సగంలో, అన్నిటికంటే కింద,
కమాన్లు అని రాసింది. తేదీ. ధర.
"అడిగిందెవరని వెయ్యను?" అన్నాను.
సుద్ద దులుపుకుంటూ, నావైపు చూడకుండా,
"అసిల్కాన్" అంది.

సెప్టెంబరు ఇరవయ్యారున గొర్రెలు దాటాయి.
ఎనిమిది రోజులకి మంచు పడింది.
మాస్టారు ఇప్పటికీ సగం బల్ల మీదే ఎక్కాలు చెబుతాడు,
అవతలి సగం ఎవరూ తుడవలేదు.

ఎర్జాన్ మాత్రం
కింది తీగ ముట్టుకోనైనా ముట్టుకోడు.
ఆ చివరినుంచి ఈ చివరికి
ఒకటే పరుగు.