ఒంటిచెవి పెట్టె

ఆదివారం, తొమ్మిది కాకముందే
ఎండువంతెన మీద ఎల్గుజా దుప్పటి పరిచాడు.
సమోవార్ మూత, రెండు పతకాలు,
ఎవరి ముక్కు మీదో అరిగిన కళ్లజోళ్లు,
వాటి పక్కన తడిసిన అట్టపెట్టెలో
నేను వెతుక్కుంటూ వచ్చిన సౌండ్ కార్డులు, నాలుగు,
చలికి ముడుచుకున్న కోడిపిల్లల్లా.

నా చేతులకింకా పిండి వాసన.
రాత్రంతా మట్టిపొయ్యిలోకి వంగి
రొట్టెల్ని దాని గోడకు కొట్టి వచ్చాను.
కనుబొమలు కాలి ఏడేళ్లు, మళ్లీ సరిగ్గా మొలవలేదు.
"నీకెందుకు మేడికో ఇవన్నీ" అనలేదు గానీ
అన్నట్టే చూశాడు ఎల్గుజా.

మొదటిది పచ్చటి పలక, బంగారు పళ్లు.
ఇంత మంచి శబ్దం ఇప్పటివాటికి రాదన్నాడు.
నిజమే కావచ్చు,
నా ల్యాప్‌టాప్‌లో అది కరుచుకునే చోటే లేదు.
రెండోది అందగత్తె. వెండి ఒళ్లు, ఎనిమిది రంధ్రాలు.
దాని తీగ దూరే పోర్టును లోకం ఎప్పుడో మరిచిపోయింది,
డ్రైవర్ కూడా దొరకదు.
తాళంచెవి పోయిన ఇనప్పెట్టెను
ముద్దుగా ఉందని మోసుకుపోతామా?
మూడోదాని అడుగున తుప్పు చార.
నీళ్లలో మునిగిందా అంటే
"చెమట పట్టింది" అన్నాడు. ఇద్దరం నవ్వాం.

నాలుగోది నల్లది, ఇటుకంత.
రెండు రంధ్రాలు, ఒక పెద్ద మీట.
మీట మీది తెల్లగీత అరిగిపోయింది,
ఎవరో ఏళ్ల తరబడి ఒకే చోటికి తిప్పినట్టున్నారు.
మొదటి రంధ్రం కింద టేపు ముక్క,
దానిమీద పెన్సిల్‌తో: నెమ్మదిగా.
పాడేవాళ్లకో, తిప్పేవాళ్లకో.

మోకాళ్ల మీద ల్యాప్‌టాప్, చెవులకు హెడ్‌ఫోన్లు.
అందరూ ఏదో పాట పెట్టి చూస్తారు.
నేనేమీ పెట్టను.
మీట చివరిదాకా తిప్పి ఊరికే వింటాను,
కార్డు గుట్టు బయటపడేది అక్కడే.
మొదటి చెవిలో సన్నగా ఇసుక రాలుతోంది.
ఫర్వాలేదు, మా పిండి జల్లెడ కన్నా నయం.
రెండో చెవిలో ఇసుక కూడా లేదు.
ఊదాను, కదిపాను, తట్టాను.

"ఇది చెవిటిది."
"ఒకటి చాలదా? నీకు నోళ్లెన్ని?"
మూడు, అనబోయి ఆగాను.
మా పాటకు మూడు గొంతులు.
పైగొంతు నానూలీ, బతూమీకి మారిపోయింది.
నడిగొంతు నేను.
అడుగుగొంతు త్సియాలా.
శ్రుతి జారింది నువ్వంటే నువ్వని
బస్టాపులో నలుగురూ వినేట్టు అరుచుకున్నాం.
రెండేళ్లు.
ఇప్పుడు మూడూ నేనే పాడి
ఒకదాని మీద ఒకటి పరవాలి, దుప్పట్లలా.

అందుకే మైకు మీద గోటితో కొట్టి
ఆ టక్కు ఎంతసేపటికి చెవికి తిరిగొస్తుందో చూశాను.
సందు తగ్గిస్తే చిటపటలు.
పెంచితే నా గొంతే నాకు
భోజనాలయ్యాక వచ్చిన చుట్టంలా.
మధ్యలో ఒకచోట కుదిరింది.

నూట నలభై అన్నాడు.
చచ్చిన చెవికి డబ్బులేమిటన్నాను.
ఎనభైకి తెగింది, కొసరుగా ఒక పొడుగు తీగ.
సంచిలో మిగిలిన రొట్టె విరిచి సగమిచ్చాను,
అది బేరంలోది కాదు.

వంటింట్లో ఫ్రిజ్ గుంయ్‌మంటే ప్లగ్గు పీకేశాను.
పందూరి ఒళ్లో పెట్టుకున్నాక బుద్ధి పుట్టి
ఆ చెవిటి రంధ్రంలో తీగ గుచ్చి
బొటనవేలితో ఎడమకు గట్టిగా నొక్కితే,
పలికింది!
వేలు తీస్తే మూగ. నొక్కితే మళ్లీ మాట.
గొంతు ఒకదాంట్లోకి, పందూరి ఇంకోదాంట్లోకి,
రెండూ ఒకేసారి.
కానీ పందూరికి నా రెండు చేతులూ కావాలి.
వేలు ఇంకొకరిది.
పాడక్కర్లేదు, శ్రుతి ఊసే ఎత్తను,
ఊరికే వచ్చి నొక్కిపట్టుకుంటే చాలు.
ఇలా చెబితే ఎవరైనా వస్తారా?
ఫోన్‌లో ఆ నంబరు ఇంకా
అడుగుగొంతు అనే పేరు మీదే ఉంది.

ఫ్రిజ్ ఆపి గంటయింది.
పాలు విరిగేలోపు
ఏదో ఒకటి తేల్చుకోవాలి.