పదకొండో ఇల్లు

మిర్యాలగూడ దాటినంక, వాడపల్లి దారిలో
మూడో రైసుమిల్లు వెనక సందు.
నా ఫారానికిది పదకొండో ఇల్లు.

కట్టెల పొయ్యా, గ్యాసా?
ఇంట్లో చుట్ట, బీడీ?
రోడ్డుకు ఎన్ని గజాలు, మిల్లుకు ఎన్ని?
ఒక్కో పొగకు ఒక్కో గడి.
గడికీ గడికీ నడుమ గీత,
గట్టు పంచాయితీ తెగినంత తిన్నగా.

ఈదమ్మ గొట్టం ఊదింది.
సూది నూట అరవై దాకా పోయి నిలబడింది.
"ఇంకోపారి ఊదాలె, మూడుసార్ల లెక్క."
"ఉన్న గాలంత నీకే ఇస్తే
మాపటికి పొయ్యి దేంతోని ఊదుకోవాలె బిడ్డా?"

పగలు ఊకబూడిద,
ఆరేసిన తెల్లచీరె మీద నువ్వులు చల్లినట్టు.
రాత్రంతా పట్టా చినిగిన సిమెంటు లారీలు.
తెల్లారితే కందికట్టె పొగ.
మల్సూరు పోయి మూడేండ్లు,
గోడ మాత్రం ఇంకా బీడీ తాగుతనే ఉంది.

"వీటిల్ల ఏది పడ్తలేదు నీకు?"
ఉడుకుతున్న పులుసుగిన్నె ముందుకు జరిపింది.
"ఇండ్ల ఉప్పేదో చింతపండేదో
ఏరి పక్కకు పెట్టు, అప్పుడు చెప్త."

రాసుకోలేదు. దానికి గడి లేదు.

నిరుటి రిపోర్టు నా సంచిలోనే ఉంది:
దుమ్ము హద్దులోనే, పొగ హద్దులోనే,
ఒక్కొక్క గ్యాసూ దాని హద్దులోనే.
నిజమే. ఒక్కొక్కరుగా వస్తే చుట్టాలే.
అందరూ ఒకే రాత్రి, ఒకే అర్రలోకి వచ్చి
పొద్దున ఎవరూ లేచిపోకపోతే?

మిద్దె మీది మిషను
ఒక పగలూ ఒక రాత్రీ పీల్చిన కాగితాన్ని
పట్టుకారుతో తీశాను.
తెల్లగా ఎక్కింది. దిగిన రంగుకు పేరు దొరకలేదు.
బూడిద కాదు, మసి కాదు, సున్నం కాదు.
రేపు నల్లగొండలో తూకమేస్తే
ఆవగింజంత ఉంటుందో ఉండదో.

చెప్పుల్లో కాళ్లు పెడుతుంటే
ఈదమ్మ మనుమడు గొట్టం పట్టుకున్నాడు.
బూర అనుకున్నాడు. ఇయ్యనంటే వినడు.
కొత్త అట్టమూతి తొడిగి ఇచ్చాను.
బుగ్గలు ఉబ్బించి, కండ్లు మూసుకుని ఊది
"ఎంతొచ్చింది, ఎంతొచ్చింది" అని ఎగిరాడు.

ఆరేండ్ల వాడికి నా ఫారంలో వరుస లేదు.
"శానా వచ్చింది" అన్నాను,
సూది మీద బొటనవేలు పెట్టి.