ఐదు గింజలు

దేవరకద్ర బస్టాండు ఎదురుంగ నా బండి కాడ
అందరు అడిగేది ఒకటే:
"కుర్మన్నా, ఆఫ్రికల ఏం తింటరే?"
సింహాలని చెప్తే సంబురపడుదురేమో.
నేను రొట్టె తిప్పేసి
"మనం తినేదే" అంటే
మొకం చిన్నగ చేసుకొని చిల్లర ఎంచుకుంటరు.

కంపెనీ ఏ దేశంల రోడ్డేస్తే ఆ దేశంల
ఆరేండ్లు క్యాంపు వంట చేసిన.
మూడు వందల మందికి పప్పు, అన్నం.
ఆదివారం సెలవు.
ఎవల పొయ్యి మీద పొగ లేస్తే
ఆడికి పోయి కూసునేటోన్ని, పిలవకున్నా.
కొలతలు రాసుకుందామని నోటుబుక్కు తీస్తే
అంతటా అరచెయ్యే చూపెట్టిండ్రు.

గోండర్ల జెనెబెచ్
పుల్లవడ్డ పిండిని పెనం మీద సుడి తిప్పి పోసింది,
బుక్క చుట్టి నా నోటికి అందిచ్చింది.
పరాయి ఆడామె.
ముప్పై ఎనిమిదేండ్ల నా నోరు
ఎట్ల తెరవాల్నో మరిచింది.

తమాలే దాటినంక ఒక ఊర్లె
సనాతు ముసలమ్మ
కుండను రెండు పాదాల నడుమ బిగించి
తెడ్డుతోని గట్క తిప్పుతున్నది.
మా అవ్వ బుగ్గమ్మ అట్లనే కూసుంటది.
మడిమెల పగుళ్లు సుత అవే.
సూడలేక పక్కన గిన్నె దిక్కు మళ్లిన:
పుంటికూర.

అవ్వ కట్టిచ్చిన తెల్లజొన్నలు,
నాలుగు దేశాలు సంచి అడుగునే తిరిగిన మూట,
ఆమె ఒడిల పోసిన.
ఒక గింజను పటుక్కున కొరికి
పొట్ట పట్టుకొని నవ్వింది.
మనుమడు ఇంగిలీషుల చెప్పిండు:
ఇది మా ఇంటిదేనట, ఎన్నడో పోయిందట,
గింత తెల్లగయ్యేదాంక
మంచిగనే సాకిండ్రట మీరు.

నేను లేస్తుంటే అదే గుడ్డల
ఎర్రజొన్నలు నింపి ముడేసింది.
ఒడిబియ్యం సంగతి
ఆమెకెవలు చెప్పిండ్రు?

శంషాబాద్ల ఆఫీసరు మూట గుంజుకున్నడు.
రూలు రూలే. కొట్లాడలే.
ఇంటికొచ్చి ప్యాంటు ఉతుకుతుంటే
జేబు కుట్టుల ఇరికిన ఐదు గింజలు.

జాలాడు బండ వెనుక నాటిన.
రెండు మొలవనే లేదు.
ఒకదాన్ని మేక తిన్నది.
ఇంకోటి మోకాలెత్తుకొచ్చి ఎండింది, ఎందుకో తెల్వదు.
మిగిలింది ఎదిగి మెడ వంచి కంకేసింది.

"గిదేందిరా, కిందికి సూస్తది?" అన్నది అవ్వ.
నేను ఊరు పేరు చెప్పబోయిన.
ఆమె ఇనలే.
కాళ్లు కడుక్కోంగ చెంబుల మిగిలిన నీళ్లు
దాని మొదట్ల పోసి
వంగి దాన్నే అడిగింది:
"ఏ ఊరు బిడ్డా నీది?"